తొమ్మిది నెలలు వాడిన వీఆర్ శిక్షణ కిట్: ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ చేతులెత్తేసింది

వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, తలకి పెట్టుకునే తెరలో (హెడ్‌సెట్) నిజంగా ఆ చోట ఉన్నట్టే చూపించడం. ఈ కిట్ కొనాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. కొనండి, కానీ హెడ్‌సెట్ తీశాక పక్కన కూర్చుని పావుగంట మాట్లాడే మనిషి మీ దగ్గర ఉంటేనే. ఆ మనిషి లేకపోతే వారం రోజులు అందరూ సరదాగా తలకి పెట్టుకుని చూస్తారు, ఆ తర్వాత బీరువాలో పడి దుమ్ము పడుతుంది.

నేను ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసేవాళ్లకి సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తాను. నా క్లాసులో నిన్నమొన్న చేరిన పిల్లలు ఉంటారు, ఇరవై ఏళ్లుగా ప్యానెళ్లు విప్పుతున్నవాళ్లూ ఉంటారు. మాకు వచ్చిన కిట్‌లో కంప్యూటర్‌కి వైరు తగిలించక్కర్లేని హెడ్‌సెట్లు ఆరు, వాటిని చార్జింగ్‌కి పెట్టే పెట్టె ఒకటి, అందరికీ కనిపిస్తున్నది ఒకేచోట చూసుకోవడానికి ఒక టాబ్లెట్, నాలుగు మాడ్యూళ్లు, అంటే ఒక్కో పని నేర్పే వీఆర్ పాఠాలు ఉన్నాయి: ప్యానెల్‌కి కరెంటు ఆపడం, మంటలార్పడం, ఎత్తులో పని, కస్టమర్‌తో మాట్లాడటం. వెల్డింగ్ సిమ్యులేటర్ ఇంకో విభాగంలో విడిగా ఉంది, దాని మీదా కొన్నాళ్లు కూర్చున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ తరహా కిట్లు చాలావాటికి వర్తిస్తాయి, ఒక పేరు పట్టుకుంటే చర్చంతా దాని చుట్టూ తిరిగి అసలు విషయం పక్కకి పోతుంది.

ముందు ప్యానెల్ మాడ్యూల్ గురించి చెప్పాలి, పెట్టిన ఖర్చు మొత్తం దీనితోనే గిట్టుబాటైందని నా అభిప్రాయం.

ప్యానెల్ మీద చెయ్యి వేసే ముందు చేయాల్సిన వరస ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చు. సంబంధించినవాళ్లకి చెప్పాలి, మెషీన్ ఆపాలి, సరైన బ్రేకర్ వెతికి ఆఫ్ చేయాలి, తాళం వేయాలి, ట్యాగ్ కట్టాలి, కెపాసిటర్లలో మిగిలిన చార్జి పోనివ్వాలి, అప్పుడు టెస్టర్ పెట్టి కరెంటు లేదని నిర్ధారించుకోవాలి. అదీ ఒక్కసారి చూస్తే చాలదు. ముందు కరెంటు ఉన్నచోట పెట్టి టెస్టర్ పనిచేస్తోందని చూసుకోవాలి, తర్వాత మనం ఆపిన చోట పెట్టాలి, మళ్లీ కరెంటు ఉన్నచోట ఇంకోసారి పెట్టాలి, ఎందుకంటే మధ్యలో టెస్టరే పాడైతే అది చూపించే సున్నాని నమ్మి చెయ్యి పెట్టేస్తాం. రాయమంటే అందరూ తప్పు లేకుండా రాస్తారు. చేసేటప్పుడు ఎవరు ఏది వదిలేస్తారో తెలియాలంటే మాత్రం నిజం ప్యానెల్ ముందు నిలబెట్టి తప్పు చేయనివ్వాలి, ఆ సాహసం ఎవరు చేస్తారు? తప్పు చేసి కూడా ప్రాణాలతో బయటపడే చోటు ఒకటి కావాలి. ఆ చోటు ఈ మాడ్యూల్ ఇచ్చింది.

మొదటి బ్యాచ్‌లో అందరికంటే సీనియర్ ఒకాయన ఉన్నారు. హెడ్‌సెట్ ఇస్తే తీసుకోలేదు. "నాకెందుకు మేడమ్ ఈ ఆటబొమ్మలు, పిల్లలకి పెట్టండి" అన్నారు. "ఒక్కసారి చూసి చెప్పండన్నా, పనికిరాదని మీకనిపిస్తే అదే మాట రిపోర్టులో రాస్తాను" అని అడిగితే సరేనని పెట్టుకున్నారు. చెయ్యి తిరిగిన మనిషి కదా, చకచకా చేసుకుపోయారు. రెండో వరసలో మూడో బ్రేకర్ ఆఫ్ చేశారు, తాళం వేశారు, ట్యాగ్ కట్టారు, టెస్టర్ తీయకుండానే కవర్ విప్పారు. ఈ మాడ్యూల్‌లో లేబుళ్ల వరస ప్రతిసారీ మారిపోతుంది, ఆయన ఆఫ్ చేసింది పక్క పంపుది. కళ్ల ముందు తెల్లటి మెరుపు, చెవుల్లో పెద్ద చప్పుడు, ఆ తర్వాత అంతా చీకటి. ఆయన హెడ్‌సెట్ తీసి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మేమూ మాట్లాడలేదు.

టాబ్లెట్‌లో రికార్డు చూస్తే సంగతి అర్థమైంది. మా హెడ్‌సెట్ కళ్లు ఎటు చూశాయో పట్టుకోలేదు కానీ తల ఎటు తిరిగిందో చెప్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఆయన తల లేబుళ్లున్న పట్టీ వైపు ఒక్కసారి కూడా వంగలేదు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. మొదటి రెండు వారాలు హెడ్‌సెట్ తీయగానే తప్పుల చిట్టా చదివేదాన్ని. నువ్వు ఇది వదిలేశావు, నీకు ఇన్ని మార్కులు అని. అందరూ తలూపేవాళ్లు, మర్నాడు మళ్లీ అదే తప్పు చేసేవాళ్లు. ఆ రోజు మాత్రం ఆయన ముఖం చూశాక చిట్టా చదవబుద్ధి కాలేదు. "ఆ బ్రేకర్ మీద చెయ్యి వేసినప్పుడు మనసులో ఏముంది అన్నా?" అని మాత్రం అడిగాను. "మా దగ్గర ఆ పంపు బ్రేకర్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది మేడమ్. చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది" అన్నారు. అంతే, పక్కనున్న ఇంకొకాయన తనకి ఎప్పుడో జరిగిన సంఘటన బయటపెట్టారు, పాత డ్రాయింగ్ నమ్మి వేరే ఫీడర్ (కరెంటు లైను) విప్పబోయి ఆఖరి నిమిషంలో ఆగిన కథ. వెనక కుర్రాడు ఇంకోటి చెప్పాడు. నలభై నిమిషాలు గడిచిపోయాయి. ఇన్నేళ్ల ట్రైనింగ్‌లో ఆ గదిలో అలాంటి మాటలు ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే ఎవరి తప్పు వాళ్లు దాచుకుంటారు, ఉద్యోగాలు కదా. కళ్ల ముందు జరిగిన తప్పు ఎవరికీ నష్టం చేయని తప్పు కాబట్టి నోళ్లు విప్పారు. అప్పటి నుంచి పది నిమిషాలు హెడ్‌సెట్, ఇరవై నిమిషాలు మాటలు అని క్లాసు లెక్క మార్చేశాను. పైలట్ల శిక్షణలోనూ సర్జన్ల శిక్షణలోనూ దీన్ని డీబ్రీఫింగ్ అంటారు, దానికి పద్ధతులున్నాయి, నేర్చుకోవాలి. మాకు కిట్ ఇచ్చినవాళ్లు బటన్లు ఎలా నొక్కాలో రెండు రోజులు చెప్పారు, దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు. నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే.

బొమ్మ ఎంత నిజంగా ఉంటే అంత బాగా నేర్చుకుంటారని అమ్మేవాళ్లు చెప్తారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లో విమానం నడపడం నేర్పే పెట్టె ఒకటి తయారుచేశాడు. వాళ్ల నాన్నది ఆర్గన్లు, వాటంతటవే వాయించుకునే పియానోలు చేసే ఫ్యాక్టరీ, ఆ వాయిద్యాల్లో వాడే గాలితిత్తులతోనే ఈ పెట్టెని కదిలించాడు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే పని అప్పగిస్తే చెడు వాతావరణంలో విమానాలు కూలి పైలట్లు చనిపోయారు, అప్పుడు సైన్యం వచ్చి ఆరు పెట్టెలు కొంది. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, ఆ పెట్టె మీద మూత వేస్తే లోపల కూర్చున్నవాడికి ఆకాశం లేదు, నేల లేదు, బొమ్మ అన్నదే లేదు. ముందున్న మీటర్లు మాత్రమే కనిపించేవి. అయినా అది ప్రాణాలు కాపాడింది, ఎందుకంటే మబ్బుల్లో పైలట్‌కి నిజంగా కనిపించేవి కూడా ఆ మీటర్లే. అంటే ఏ పనికి ఏది కళ్ల ముందు ఉండాలో అది సరిగ్గా ఉంటే చాలు. మా ప్యానెల్ మాడ్యూల్ బొమ్మలు పాత వీడియో గేమ్‌లా ఉంటాయి, గోడలకి రంగు కూడా సరిగ్గా లేదు, కానీ లేబుళ్లు చదవగలిగేలా ఉన్నాయి, వరస తప్పితే ఫలితం కనిపిస్తుంది. అది సరిపోయింది.

తలకి పెట్టుకునే తెర కూడా కొత్తదేం కాదు. అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ 1968లో చూపించినప్పుడు దాన్ని సీలింగ్ నుంచి వచ్చే కడ్డీకి తగిలించాల్సి వచ్చింది. 1993 డిసెంబర్‌లో హబుల్ టెలిస్కోపు బాగుచేయడానికి వెళ్లిన వ్యోమగాములు, నేల మీద ఉన్న బృందం ముందుగా వీఆర్‌లో సాధన చేశారు. ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చిన సాక్ష్యం ఇంకా గట్టిది. యేల్ యూనివర్సిటీలో సర్జరీలో శిక్షణ పొందుతున్న 16 మంది డాక్టర్లతో చేసిన పరీక్ష 2002లో అచ్చయింది. సిమ్యులేటర్ మీద సాధన చేసినవాళ్లు పిత్తాశయాన్ని విడదీసే పని 29 శాతం వేగంగా చేశారు. సాధన లేనివాళ్లు పిత్తాశయానికి గాయం చేయడానికో, కాల్చకూడని చోట కాల్చడానికో ఐదు రెట్లు ఎక్కువ అవకాశం కనిపించింది. చిన్న పరీక్షే, కానీ కొలిచింది నిజమైన ఆపరేషన్‌లో. స్టార్లు, చిరునవ్వులు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఫారాల కంటే ఇలాంటి కొలత ఒక్కటి విలువైనది. మీకు కిట్ అమ్మడానికి వచ్చినవాళ్లని అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: నేర్చుకున్నవాళ్లు నిజం పనిలో ఎలా చేశారో చూశారా? మేం అడిగితే సమాధానం చెప్పలేక నీళ్లు నమిలారు.

ఇక మంటలార్పే మాడ్యూల్. దీనికి నేను సున్నా ఇస్తాను, కోపంతో కాదు, భయంతో. పిన్ను లాగడం, మంట మొదలు వైపు గురిపెట్టడం, మీట నొక్కడం, అటూ ఇటూ ఊపడం, ఈ వరస బాగానే నేర్పింది. కానీ నిజంగా ఆరు కిలోల పౌడర్ ఉన్న సిలిండర్ ఎత్తితే మొత్తం బరువు సుమారు పది కిలోలు ఉంటుంది, చేతిలో ఉన్న కంట్రోలర్ బరువు సెల్‌ఫోన్ అంత కూడా ఉండదు. అదైనా సర్దుకోవచ్చు. అసలు సిలిండర్ పదిహేను ఇరవై సెకన్లలో ఖాళీ అయిపోతుంది, మా మాడ్యూల్‌లోది మంట ఆరేదాకా వస్తూనే ఉంది, నేను గడియారం పెట్టి చూశాను, దాదాపు నిమిషం. దీన్ని నేర్చుకున్నవాడు నిజం మంట ముందు ఇంకా చాలా పౌడర్ ఉందనుకుని తొందర లేకుండా నిలబడితే? తలుపు వీపు వెనక ఉంచుకోవాలన్న నియమం కూడా ఆ మాడ్యూల్‌కి తెలియదు, మంటకి తలుపుకి మధ్య కాకుండా మూలన ఇరుక్కుని ఆర్పినా శభాష్ అంటుంది. తప్పుడు అలవాటు నేర్పడం కంటే ఏమీ నేర్పకపోవడం మేలు. ఆ మాడ్యూల్ ఆపేసి పాత పద్ధతిలో బయట ట్రేలో మంట పెట్టి నిజం సిలిండర్లతోనే చేయిస్తున్నాం, కాలం చెల్లబోతున్న సిలిండర్లు దానికి పనికొస్తున్నాయి. తయారుచేసినవాళ్లకి రాశాను. తర్వాతి వెర్షన్‌లో చూస్తామన్నారు, ఇంకా రాలేదు.

వెల్డింగ్ సిమ్యులేటర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ చేతిలో ఉండేది అసలు వెల్డింగ్ గన్ ఆకారంలోనే, దాదాపు అంతే బరువుతో ఉంటుంది, ముఖానికి అసలు హెల్మెటే. గన్ ఏ కోణంలో ఉంది, పనిముక్కకి ఎంత దూరంలో ఉంది, చెయ్యి ఎంత వేగంగా కదులుతోంది అనేది గీతల్లో చూపిస్తుంది. గురువు పక్కన నిలబడి "నెమ్మదిగా, నెమ్మదిగా" అని అరిచేదానికంటే ఆ గీత చూసి కుర్రాళ్లు తొందరగా సర్దుకున్నారు, పైగా ఒక్క రాడ్డు, ఒక్క ఇనుప ముక్క వృథా కాలేదు. వేడి ఉండదు, మెడ మీద నిప్పురవ్వ పడదు, పొగ ఉండదు, కాబట్టి అసలు బూత్‌లోకి వెళ్లిన మొదటి రోజు అందరూ ఉలిక్కిపడతారు. రెండో రోజుకి చెయ్యి కుదురుతుంది. మొదటి వారం సిమ్యులేటర్, ఆ తర్వాత రెండూ కలిపి, నాకు కనిపించిన సరైన పాళ్లు ఇవి.

ఎత్తులో పని మాడ్యూల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎత్తంటే ఎవరికి భయమో, ఎవరికి అతి ధైర్యమో మొదటి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, హుక్ తగిలించకుండా అడుగు ముందుకేసినవాళ్లకి పై ప్రాణాలు పైనే పోతాయి. అయితే పడిపోకుండా పట్టి ఉంచే హార్నెస్ బెల్టుని నడుముకి, తొడలకి బిగించుకోవడం కంట్రోలర్ బటన్ నొక్కితే రాదు. దాన్ని ఒంటి మీద వేసుకునే నేర్చుకోవాలి. మేం నిజం హార్నెస్ ఒంటికి కట్టించి, పైన హెడ్‌సెట్ పెట్టిస్తున్నాం, ఈ కలయిక బాగా పనిచేసింది. ఒక అమ్మాయికి ఆ ఎత్తు చూడగానే కాళ్లు వణికి ఏడుపొచ్చేసింది. వెంటనే ఆపేశాను. ఇలాంటి మాడ్యూల్ పెట్టే ముందు ఎప్పుడైనా ఆపేయమనే హక్కు వాళ్లదని, ఆపితే మార్కులేం పోవని గట్టిగా చెప్పండి.

తల తిరగడం గురించి అందరూ అడుగుతారు. అవును, కొందరికి తిరుగుతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది. కళ్లేమో నడుస్తున్నానంటాయి, లోపలి చెవి కదలడం లేదంటుంది, ఆ రెండిటి తగాదా అది. కంట్రోలర్ మీద పుల్ల నొక్కి ముందుకి జారే మాడ్యూళ్లలో ఎక్కువ, నిలబడిన చోటు నుంచి ఇంకో చోటికి ఒక్కసారిగా దూకే పద్ధతి పెట్టుకుంటే బాగా తగ్గింది. సెట్టింగుల్లో ఉంటుంది, అమ్మినవాళ్లు చెప్పరు, మీరే వెతికి మార్చండి. తల తిప్పిన తర్వాత బొమ్మ కదలడంలో ఆలస్యం 20 మిల్లీ సెకన్ల లోపు ఉండాలంటారు, పాత హెడ్‌సెట్ల మీద బరువైన మాడ్యూల్ నడిపితే అది తప్పి ఇబ్బంది మొదలవుతుంది. మొదటిసారి కూర్చోబెట్టి ఐదారు నిమిషాలు చాలు. వికారం మొదలైతే "కాసేపు ఓర్చుకో, అలవాటైపోతుంది" అని మాత్రం అనకండి, ఓర్చుకుంటే ఎక్కువవుతుంది, ఇక జన్మలో మళ్లీ పెట్టుకోరు. ఒక బ్యాచ్‌లో ఒకతనికి ఎన్ని మార్చినా కుదరలేదు. అతనికి టాబ్లెట్‌లో పక్కవాళ్లది చూస్తూ తప్పులు పట్టే పని ఇచ్చాను, ఆ బ్యాచ్‌లో వరస అందరికంటే బాగా వచ్చింది అతనికే.

రెండు కనుపాపల మధ్య దూరం మనిషి మనిషికీ మారుతుంది, పెద్దవాళ్లలో సగటున 63 మిల్లీమీటర్లు, హెడ్‌సెట్ లెన్సులు దానికి తగ్గట్టు జరపాలి. చాలామంది ఈ సంగతి తెలియక మసకగా ఉందని, తలనొప్పి అని వదిలేస్తున్నారు. కళ్లజోడు ఉన్నవాళ్లకి మధ్యలో పెట్టే ప్లాస్టిక్ చట్రం ఇస్తారు, అది పెట్టకపోతే జోడు లెన్సుకి తగిలి రెండూ గీసుకుపోతాయి. వాడేసి కిటికీ దగ్గర లెన్సులు పైకి పెట్టి వదిలేయకండి, ఎండ ఆ లెన్సుల్లోంచి భూతద్దంలా లోపలి తెరని కాల్చేస్తుంది, మాకు ఒకటి అలాగే పోయింది. ముఖానికి తగిలే స్పాంజి తీసేసి సిలికాన్ తొడుగులు వేశాం, మనిషి మారినప్పుడల్లా తుడవాలి. నిలబడి చేసే మాడ్యూల్‌కి ఒక్కొక్కరికి రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి, అంటే ఆరుగురికి చిన్న క్లాసురూమ్ చాలదు. చార్జింగ్ రెండు గంటలకి అటూ ఇటూ వస్తుంది. మొదటి రోజు ఉదయం బ్యాచ్ మొత్తం వచ్చి కూర్చున్నాక ఆరు హెడ్‌సెట్లూ ఒకేసారి అప్‌డేట్ అడిగాయి, గంటన్నర పోయింది, నాకు ఆ రోజు వచ్చిన టెన్షన్ ఇంతా అంతా కాదు. ఇప్పుడు ముందు రోజు సాయంత్రమే అన్నీ ఆన్ చేసి చూసుకుని ఇంటికెళ్తున్నాను. వీటన్నిటికీ ఒక మనిషి సమయం పడుతుంది, ఆ సమయాన్ని ఎవరి డ్యూటీలోనూ రాయరు.

పాఠాలు చెప్పేవాళ్లకి ఒక మాట. మా చెల్లి కాలేజీలో సైన్సు చెప్తుంది, మా కిట్ చూసి తమకీ కావాలని పట్టుబట్టింది. నేను తొందరపడొద్దని చెప్పాను. 2019లో మక్రాన్‌స్కీ, టెర్కిల్‌సెన్, మేయర్ అనే పరిశోధకులు 52 మంది యూనివర్సిటీ విద్యార్థులకి ఒకే ల్యాబ్ పాఠాన్ని మామూలు కంప్యూటర్ తెర మీదా, హెడ్‌సెట్‌లోనూ చూపించారు. హెడ్‌సెట్‌లో నిజంగా అక్కడున్నట్టు అనిపించింది, కానీ నేర్చుకున్నది తక్కువ, మెదడు తరంగాలు కొలిస్తే భారం ఎక్కువైనట్టు తేలింది. ఆశ్చర్యమేం లేదు. చుట్టూ అంత హడావుడి ఉంటే చదవాల్సిన నాలుగు వాక్యాలు ఎవరు చదువుతారు? నోట్సు రాసుకోవడానికి చెయ్యి కూడా కనిపించదు కదా. సూత్రాలు, నిర్వచనాలు, లెక్కలు బోర్డు మీదే బాగుంటాయి. గుండె లోపల కవాటం ఏ వైపు తెరుచుకుంటుందో, అణువులు ఏ ఆకారంలో ముడిపడతాయో, ఇలా మూడు కొలతల్లో చూస్తే తప్ప బుర్రకెక్కని వాటికి హెడ్‌సెట్ వాడాలి. స్టాన్‌ఫర్డ్‌లో వీఆర్ మీద ఏళ్లుగా పనిచేస్తున్న జెరెమీ బెయిలెన్సన్ ఒక జల్లెడ చెప్తాడు: నిజంగా చేస్తే ప్రమాదమైనది, అసాధ్యమైనది, చేటు చేసేది, మరీ ఖర్చైనది, ఈ నాలుగిట్లో ఏదో ఒకటైతేనే వీఆర్ వాడమంటాడు. చెల్లి తన సిలబస్ ముందేసుకుని ఆ జల్లెడ పట్టింది. ఏడాది పాఠాల్లో ఐదు మిగిలాయి. ఇప్పుడు ఆ ఐదిటికీ మా హెడ్‌సెట్లే అడిగి తీసుకెళ్తోంది, కొత్తవి కొనలేదు.

ఒక యాప్ మీద మొత్తం పాఠ్యప్రణాళిక కట్టుకోవద్దు అన్నది కూడా చెల్లికి చెప్పాను. గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ 2015లో వచ్చింది, అట్టపెట్టె కార్డ్‌బోర్డులో ఫోన్ పెట్టి పిల్లల్ని సముద్రం అడుగుకీ అంతరిక్షంలోకీ తీసుకెళ్లిన టీచర్లు ప్రపంచమంతా ఉన్నారు, 2021 జూన్ 30తో దాన్ని ఆపేశారు. కొనే ముందు అడగండి: మీరు ఈ మాడ్యూల్ ఆపేస్తే నా దగ్గరున్న కాపీ నడుస్తుందా, ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకుంటుందా, చెప్పే గొంతుని నేర్చుకునేవాళ్ల భాషలోకి మార్చుకునే వీలుందా? మా మాడ్యూళ్లలో గొంతు ఇంగ్లీషు ఒక్కటే, నేను పక్కన నిలబడి చెవిలో చెప్పాల్సి వచ్చింది, చెప్తున్నంతసేపూ వాళ్ల ఏకాగ్రత చెదిరింది. ఈ కాలంలో ఇది క్షమించదగ్గ లోపం కాదు.

కస్టమర్‌తో మాట్లాడే మాడ్యూల్ బాగానే ఉంది. కోపంగా అరిచే మనిషి ఎదురుగా నిలబడితే గొంతు ఎలా మారిపోతుందో ఎవరిది వాళ్లు విని తెలుసుకున్నారు. ఈ తరహా శిక్షణ పెద్ద సంస్థల్లో ఎప్పుడో మొదలైంది, వాల్‌మార్ట్ 2018లోనే 17,000 హెడ్‌సెట్లు తన స్టోర్లకి పంపుతున్నట్టు ప్రకటించింది. కంపెనీలకి సలహాలిచ్చే పీడబ్ల్యూసీ అనే సంస్థ 2020 నివేదికలో క్లాసురూమ్ కంటే నాలుగు రెట్లు వేగంగా శిక్షణ పూర్తయిందని ఉంది, అమ్మేవాళ్లందరూ మొదటి స్లైడ్‌లో చూపించేది ఆ అంకెనే. అదే నివేదికలో క్లాసురూమ్ ఖర్చుతో సమానం కావాలంటే 375 మంది నేర్చుకోవాలని కూడా ఉంది, అది మాత్రం చూపించరు. మా దగ్గర ఏడాదికి అంతమంది రారు, ఒక్క ఈ మాడ్యూల్ కోసమే అయితే ఇద్దరు మనుషుల్ని ఎదురెదురుగా నిలబెట్టి నాటకం ఆడించినా సరిపోయేది.

ఇంకొకటి, ఎవరూ మాట్లాడనిది. ఈ కిట్లు తల, చేతుల కదలికలన్నీ రికార్డు చేస్తాయి. 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 511 మంది మీద చూస్తే, ఒక్కొక్కరి నుంచి ఐదు నిమిషాల లోపు కదలికలు చాలు, పేరు లేకపోయినా 95 శాతం మందిని సిస్టమ్ సరిగ్గా గుర్తుపట్టింది. అంటే పేరు తీసేసి దాచాం అన్నంత మాత్రాన అది ఎవరిదో తెలియదనుకోవడానికి లేదు. మా పైవాళ్లు ఆ రికార్డులు ప్రమోషన్లకి వాడుకుందామా అని ఒకసారి అడిగారు. వద్దని గట్టిగా చెప్పాను, ఆ ఒక్క పని చేస్తే మర్నాటి నుంచి గదిలో ఎవరూ నోరు విప్పరు, అప్పుడు ఇక కిట్ ఉన్నా లేనట్టే. బ్యాచ్ పూర్తవగానే చెరిపేస్తామని ఇప్పుడు మొదటి రోజే కాగితం మీద రాసి ఇస్తున్నాం.

మార్కులు అడిగితే: ప్యానెల్‌కి పదికి తొమ్మిది, వెల్డింగ్‌కి ఎనిమిది, ఎత్తుకి ఏడు, కస్టమర్‌కి ఐదు, మంటకి సున్నా. అమ్మిన తర్వాత ఇచ్చిన సపోర్టుకి మూడు. కొనేముందు ఒక వారం అరువు తెచ్చుకుని మీ దగ్గర అందరికంటే అనుభవమున్న మనిషికి ముందు పెట్టి చూడండి, మాడ్యూల్‌లో పస ఎంతుందో ఆ మనిషే చెప్పేస్తారు.

మా సీనియర్ ఆయన పోయిన నెల మళ్లీ వచ్చారు, ఈసారి తనంతట తానే. లేబుళ్లు ఒక్కొక్కటీ పైకి చదువుకుంటూ చేశారు, టెస్టర్ మూడుసార్లూ పెట్టారు. వచ్చే బ్యాచ్‌లో పిల్లలు హెడ్‌సెట్ తీశాక వాళ్లతో మాట్లాడే పని తనకి ఇవ్వమని అడిగారు. సోమవారం నుంచి ఆ కుర్చీ ఆయనది.